ఇండోనేషియా కొండల్లో వడ్లు అమ్మని ఊరు: ప్రొఫైల్ రాయడానికి సాయం కావాలి

రాజేంద్రనగర్_పీజీ:

అందరికీ నమస్తే. గ్రామీణాభివృద్ధి కోర్సుకు వేరే దేశపు పల్లె ఒకదాని మీద పన్నెండు పేజీల ప్రొఫైల్ రాయాలి. పశ్చిమ జావాలో హలిమున్ కొండల నడుమ ఉన్న చిప్తగెలార్ తీసుకున్నాను. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, వెదురు తడికల ఇళ్లు, ఊరి చుట్టూ వడ్ల కొట్లు, సుండా భాష. పండించిన వడ్లు గానీ బియ్యం గానీ ఎవరూ అమ్మకూడదన్నది అక్కడి కట్టుబాటు.

మూడు చోట్ల ఆగిపోయాను. జనాభా ఒకచోట వందల్లో, ఇంకోచోట వేలల్లో, మరోచోట అంతకన్నా ఎక్కువ కనిపిస్తోంది. ఏది రాయాలి? రెండోది, అక్కడ వడ్లు ఏళ్ల తరబడి నిలవ ఉంటాయంటారు. మన దగ్గర గోనెసంచుల్లో ఆరు నెలలు దాటితే ముక్క పురుగు, వడ్ల చిలక పట్టేస్తాయి కదా, మందు గోళీలు లేకుండా వాళ్లకెలా కుదురుతోంది? మూడోది, వడ్లు అమ్మకపోతే పిల్లల చదువులకు, బండ్లలో పెట్రోలుకు డబ్బెక్కడి నుంచి వస్తుంది?

పంచాయతీ_లెక్కలు:

జనాభా చిక్కు ముందు విప్పుకోండి. మిగతా పట్టికలన్నీ దాని మీదే నిలబడతాయి.

ప్రభుత్వ లెక్కలో చిప్తగెలార్ గ్రామం కాదు. అది కంపుంగ్, అంటే మన పంచాయతీల కింద ఉండే ఆవాస గ్రామం లాంటిది. పాలనాపరమైన గ్రామాన్ని దెసా అంటారు, మన 'దేశం' అన్న సంస్కృత మాటే అక్కడ ఊరి పేరైంది. చిప్తగెలార్ ఉన్న దెసా పేరు సిర్నరెస్మి, మండలం చిసొలొక్, జిల్లా సుకబుమి. దెసా లోపల మళ్లీ దుసున్ అనే భాగాలు, దాని కింద ఎర్‌వే, ఆ కింద కొన్ని పదుల ఇళ్ల ఎర్‌తే ఉంటాయి.

ఇక మూడో పొర. 'కసెపుహన్' అంటే పెద్దల దారిలో నడిచే సమాజం. దాని మూలం సెపుహ్, వయసు మీరిన పెద్ద అని అర్థం. ఈ సమాజం ఒక్క ఊరితో ఆగదు, సుకబుమి, బొగోర్, లెబక్ అనే మూడు జిల్లాల్లోని కంపుంగ్‌లలో విస్తరించి ఉంది. కాబట్టి మీకు దొరికిన మూడు అంకెలూ సరైనవే అయ్యుండొచ్చు. వందల్లో ఉన్నది నడిబొడ్డు కంపుంగ్‌ది, వేలల్లో ఉన్నది దెసాది, అంతకన్నా పెద్దది మొత్తం ఆచార సమాజానిది. ప్రతి పట్టిక పైన ఏ పొర లెక్కో, ఏ ఏడాదిదో రాయండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. దెసా జనాభాను కంపుంగ్ ఇళ్ల సంఖ్యతో భాగిస్తే ఇంటికి నమ్మలేనంత మంది వస్తారు.

2014 నాటి 6వ నంబరు గ్రామ చట్టం ప్రకారం జావాలో కొత్త దెసా ఏర్పడాలంటే కనీసం 6,000 మంది లేదా 1,200 కుటుంబాలు ఉండాలి. అదే పపువాలో అయితే 500 మంది లేదా 100 కుటుంబాలు చాలు. అందుకే జావాలో 'చిన్న పల్లె' అన్నది ఎప్పుడూ ఏదో ఒక దెసా లోపల దాగి ఉంటుంది. మన తెలంగాణలో 2018 చట్టంతో తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి కాబట్టి ఈ పోలిక మీ ప్రొఫైల్‌లో బాగా పనికొస్తుంది.

దెసా పెద్దను ఓటేసి ఎన్నుకుంటారు. 2014 చట్టంలో పదవీకాలం ఆరేళ్లు, మూడుసార్ల వరకు ఉండేది. 2024 సవరణతో ఎనిమిదేళ్లు, రెండుసార్లు అయింది. జాతీయ బడ్జెట్ నుంచి నేరుగా ఊరికి వచ్చే దన దెసా నిధి 2015లో మొదలైంది. కసెపుహన్ పెద్ద వేరు. ఆయన్ని అబహ్ అంటారు, 'నాన్న' అని అర్థం. అది వంశపారంపర్యం. ఇప్పటి పెద్ద అబహ్ ఉగి తండ్రి తర్వాత 2007లో బాధ్యత తీసుకున్నారు. ఊరు కూడా 2001లోనే చిప్తరస నుంచి ఇప్పుడున్న చోటికి మారింది. పూర్వీకుల ఆదేశం అందినప్పుడు కేంద్రం తరలిపోవడం వాళ్ల సంప్రదాయం. కాబట్టి 'వందల ఏళ్లుగా ఇదే చోట' అని రాయకండి. సమాజం పాతది, ఊరు కొత్తది.

రెండు అధికారాలు కొట్టుకోవా అని మీ మాస్టారు తప్పకుండా అడుగుతారు. నగర, సర, మొకహ అని అక్కడ మూడు మాటలు కలిపి చెబుతారు: రాజ్యం, మతం, పూర్వీకుల ఆచారం. వాళ్లు ముస్లిములు. నమాజు ఉంటుంది, వరి తల్లి పూజా ఉంటుంది, దెసా ఎన్నికా ఉంటుంది. ఈ మూడింటిలో ఒకదాన్ని తీసి పక్కన పెడితే మీ ప్రొఫైల్ కుంటిదవుతుంది.

వరికంకి:

నిలవ సంగతి నేను చెబుతాను. దానికి జవాబు కోత దగ్గరే మొదలవుతుంది, కొట్టు చివరి మెట్టు.

ముందు రకం. అక్కడివి పొడుగు గడ్డి, మీసాలున్న పాత జావా వరి రకాలు. ఆ చలిలో కోతకు రావడానికి ఆరు నెలలు పడుతుంది. మన ఎమ్‌టీయూ 1010 వరి నాలుగు నెలల్లో వస్తుంది, తేడా చూడండి. ఆ రకాల గింజ కంకిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, తొందరగా రాలదు. అందుకే కొడవలితో మొదలు దగ్గర కోసి బాదరు. ఎతెం అనే చిన్న కత్తి ఉంటుంది. అరచేతిలో ఇమిడే కొయ్యముక్కకు సన్నటి అలుగు, వెదురు పిడి. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని ఒక్కొక్క కంకినే జానెడు కాడతో తెంపుతారు. ఆలస్యం నిజమే. కానీ పచ్చిది, తాలుది, తెగులు పట్టినది అప్పుడే చేను దగ్గరే వేరైపోతుంది. హార్వెస్టర్ ఇది చేయలేదు.

నూర్చరు కాబట్టి పొట్టు పగలదు. ఇదే అసలు కీలకం. ముక్క పురుగుకు, నుసి పురుగుకు వడ్ల గింజలోకి దారి ఎక్కువగా పొట్టు చీలిన చోటే. మిషన్ దెబ్బ తిన్న వడ్లు సంచిలో పోస్తే ప్రతి పగులూ ఒక తలుపే. కంకి మీదున్న గింజకు ఆ తలుపులు చాలా తక్కువ.

ఎండబెట్టడం తర్వాతి మెట్టు. కోసినప్పుడు వడ్లలో 20 నుంచి 25 శాతం తేమ ఉంటుంది. ఆ కొండల్లో మబ్బు, మంచు. కల్లంలో పరిస్తే కింది నుంచి చెమ్మ, పైనుంచి తుంపర. అందుకని లంతయన్ అనే వెదురు దండేల మీద కట్టల్ని కంకులు కిందికి వేలాడేలా తగిలిస్తారు. రెండు గుంజల మధ్య అడ్డ వెదుర్లు ఒకదానిపై ఒకటి, ఆరబోసిన గోడలా ఉంటుంది. గాలే ఆరబెడుతుంది, వారాల తరబడి. గాలికి ఆరిన గింజలో నెర్రెలు తక్కువ, మండుటెండకు ఎండిన గింజ దంచితే నూక ఎక్కువ. మామూలుగా నెలల నిలవకు తేమ 14 శాతం లోపు ఉండాలి, ఏడాది దాటాలంటే ఇంకా తగ్గాలి. కాడ మధ్యలో పచ్చిదనం మిగిలినా కొట్టులో కుప్ప నడుమ వేడెక్కుతుంది, గింజ పచ్చబడి ముక్కవాసన వస్తుంది, బూజు పడుతుంది. ఒక్క పచ్చి కట్ట చుట్టూ ఉన్న పది కట్టల్ని చెడగొడుతుంది.

ఆరిన కట్టను పొచొంగ్ అంటారు. కొట్టు పేరు లెఉయిత్. దాని నిర్మాణం మీ ప్రొఫైల్‌లో బొమ్మ గీసి పెట్టండి. కొయ్య కాళ్లు మట్టిలో పాతరు, చదును రాళ్ల మీద నిలబెడతారు. చెదలు, చెమ్మ ఎక్కవు. తడిక గోడలు కింద ఇరుకుగా, పైకి పోయేకొద్దీ బయటికి వాలి ఉంటాయి. దాంతో చూరు నీళ్లు గోడను తాకవు, ఎలుకకు ఎక్కడం కష్టం. లెబక్ జిల్లాలోని బదుయి అనే మరో ఆచార సమాజపు పల్లెల్లో అయితే కాళ్ల పైన గుండ్రటి చెక్క పళ్లేలు కూడా బిగిస్తారు, ఎలుక అక్కడ బోర్లా పాకలేక దిగిపోతుంది. పైకప్పు ఇజుక్ అనే నల్లటి తాటిజాతి నార, మందంగా. కిటికీ లేదు. తలుపు చాలా చిన్నది, కప్పు కోణం కింద ఉంటుంది. నిచ్చెన వేసుకుని ఎక్కి, పనయ్యాక నిచ్చెన తీసేస్తారు.

దీన్ని మన గుమ్మితోనో గరిసెతోనో పోల్చవచ్చు, జొన్న పాతరతో మాత్రం పోల్చకండి. పాతర గాలి ఆడకుండా మూసి పురుగును చంపుతుంది, లెఉయిత్ గాలి ఆడనిచ్చి చెమ్మను చంపుతుంది. రెండూ ఒకదానికొకటి ఎదురు పద్ధతులు.

తప్పేది ఎక్కడంటే, కప్పులో ఒక చోట నార పలచబడి కారడం మొదటిది. కొత్త కట్టలు పాతవాటి మీద వేసి పైవే వాడుకుంటూ పోవడం రెండోది, అడుగున పాతవి ముక్కిపోతాయి. నిప్పు మూడోది, నారకప్పు అంటుకుంటే ఆగదు. విత్తనం మాత్రం ఎప్పుడూ నిరుటి పంటదే ఉంచుకోవాలి. తినే వడ్లు ఏళ్లు నిలుస్తాయి, మొలక శక్తి అన్నేళ్లు నిలవదు. ప్రతి ఏడూ ప్రతి రకాన్నీ మళ్లీ వేస్తేనే ఆ రకం బతుకుతుంది. ఇంతమంది పాత విత్తనాలు పోగొట్టుకున్న జావాలో ఈ ఊరు వందకు పైగా రకాలు నిలుపుకున్నదంటే కారణం ఇదే. నన్నడిగితే మీ ప్రొఫైల్‌లో అందరికన్నా పెద్ద పేరా దీనికే ఇవ్వాలి.

దంచేది లిసుంగ్ అనే పొడవాటి కొయ్య దోనెలో, హలు అనే రోకళ్లతో. ఆడవాళ్లు వరసగా నిలబడి వేస్తారు. రెండు మూడు రోజులకు సరిపడానే దంచుకుంటారు. పొట్టు తీశాక తవుడులోని నూనెకు గాలి తగిలి దంపుడు బియ్యం కొద్ది వారాల్లో కంపు పడుతుంది. అందుకే నిలవ అంతా వడ్లలోనే. ఈ వడ్లను మిల్లుకు పంపరు. వరిని న్యి పొహచి అనే తల్లిగా కొలుస్తారు, ఆమెను యంత్రంలో వేయడం అపచారం. అమ్మకపోవడమూ అందుకే. తల్లిని అమ్ముకోరు.

రాజేంద్రనగర్_పీజీ:

ఇంత వివరం ఎక్కడా దొరకలేదండీ, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో సందేహం. కొండ వాగులు ఏడాది పొడుగునా పారుతుంటే ఒక్క పంటే ఎందుకు వేస్తారు? చుక్కలు చూసి నాట్లు వేస్తారని చదివాను, అది మన కార్తెల లెక్కేనా?

కార్తెల_లెక్క:

పేర్లు దగ్గరివే, లెక్క వేరు. అక్కడ కెర్తి అంటే మన కృత్తికలే, ఆ ఆరేడు చుక్కల గుంపు. కిదంగ్ అంటే జింక, ఒరాయన్ (వేటగాడు) అనే చుక్కల గుంపు నడుములోని మూడు చుక్కలు. మనకూ మృగశిర అంటే జింక తలే, అదే ఆకాశపు ముక్కలో. అయితే మన కృత్తిక కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్న రోజులు, మే నెలలో. అప్పుడు కృత్తికలు సూర్యుడి వెలుగులో కలిసిపోయి కంటికి కనబడవు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశించి మన హైదరాబాద్‌లో చేపలకు ఎగబడే రోజున మృగశిర చుక్కలూ కనబడవు. మనది పంచాంగం చెప్పే లెక్క, వాళ్లది కళ్లతో చూసే లెక్క.

వాళ్ల సామెత ఇలా ఉంటుంది: కెర్తి కనబడితే ఇనుము బయటికి తియ్యి, కిదంగ్ కనబడితే పనిముట్టుతో పొలంలోకి దిగు. జూన్‌లో తెల్లవారుజామున తూర్పున కృత్తికలు మళ్లీ కనబడతాయి, కొన్ని వారాలకు ఒరాయన్. ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ అవి ఆకాశంలో ఎంత ఎత్తుకు వచ్చాయో చూస్తూ పనులు జరుపుకుంటారు. మెట్ట పొలంలో మగవాళ్లు కర్రతో గుంతలు పొడుస్తూ పోతే వెనకాల ఆడవాళ్లు విత్తులు వేస్తారు. దాన్ని ఙసెఉక్ అంటారు.

మూడో సామెతను వదిలేయకండి: కిదంగ్ మునిగితే కుంగ్‌కంగ్ దిగుతుంది. కుంగ్‌కంగ్ అంటే కంపునల్లి. పాలు పోసుకునే గింజను పీల్చి తాలు చేసేది. మే నెల చుట్టూ సాయంత్రం పడమట ఒరాయన్ కనుమరుగవుతుంది. అప్పటికి కంకి గట్టిపడి ఉండాలి. ఆలస్యంగా వేసిన ఒకే ఒక్క మడి ఉంటే చుట్టుపక్కల నల్లి అంతా దాని మీదికే వస్తుంది. అందుకే ముందూ వెనకా కాకుండా అందరూ ఒకేసారి వేస్తారు.

ఒక్క పంట ఎందుకన్నదానికీ ఇందులోనే జవాబుంది. పొలంలో వరి లేని నెలలుంటే పురుగుకు తిండి తెగిపోతుంది. జావా మైదానంలో 1970ల్లో పొట్టి ఐఆర్ రకాలు (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వంగడాలు) ఏడాదికి రెండు మూడుసార్లు వేసి మందులు కొడితే సుడిదోమ విరుచుకుపడింది. మందు సాలీళ్లను చంపింది, దోమకు అడ్డులేకుండా పోయింది. చివరికి 1986లో అధ్యక్షుడి ఆదేశంతో 57 రకాల పురుగుమందులను వరి మీద వాడకుండా నిషేధించాల్సి వచ్చింది. సుడిదోమతో నల్లగొండ, మిర్యాలగూడ వైపు రైతులు పడే పాట్లు తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఈతవనం:

పైసల సంగతి నేను చెప్త తమ్మీ. వాళ్లు అమ్మంది వడ్లొక్కటే, మిగిలినయన్నీ అమ్ముతరు. లవంగం, అరటి, కూరగాయలు, అన్నిటికంటె ముఖ్యం అరెన్ చెట్టు బెల్లం. అరెన్ కూడ తాటి జాతిదే.

పద్ధతి మన గౌడన్నలకు తెలిసిందే, కొన్ని తేడాలున్నయి. మగ పూల గెలను ఎన్నుకుంటరు. గీసే ముందు కొన్ని వారాలపాటు కొయ్య సుత్తెతోని గెల కాడను మెల్లగ కొడుతరు, ఊపుతరు. తొందరపడి కోస్తే నీరు దిగదు. తర్వాత పొద్దున, సాయంత్రం పలచగ చెక్కుకుంట లొదొంగ్ అనే పొడుగు వెదురు గొట్టం కడుతరు. పది లీటర్ల నీరాకు దగ్గర దగ్గర కిలో నుంచి కిలోన్నర బెల్లం వస్తది, ఎందుకంటే అందులో చక్కెర పది పదిహేను శాతమే. గంటల తరబడి పెద్ద బాణలిల మరిగిస్తరు. పాకం బొట్టు నీళ్లల్ల వేస్తే గట్టిపడాలె, అప్పుడు అచ్చుల పోస్తరు.

చెడేది ఒక్కచోటనే. నీరా దింపినంక ఆలస్యమైతే పులుస్తది. పులిసిందాన్ని ఎంత మరిగించినా జిగటగ సాగుతది తప్ప గట్టిపడదు, ఆ కట్టెలన్నీ దండుగ. గొట్టం కడగకపోయినా అదే గతి. మన దిక్కు కుండకు సున్నం పూసినట్టు పులుపు ఆపేది ఏదో ఒకటి గొట్టంల వేసుడు అక్కడ కూడ ఉన్నది.

ఇంకొక మాట రాసుకో. వరికంకి అన్న చెప్పిన కొట్టు కప్పు నార, ఇజుక్, ఇదే అరెన్ చెట్టుది. పైసలిచ్చేది, వడ్లను కాపాడేది ఒక్క చెట్టే. ఆ చెట్టు గెలలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే వేసుకుంట వచ్చి ఆఖరికి చచ్చిపోతది. కొత్త మొక్కలు ఎక్కువ పునుగు పిల్లి తిని పారేసిన గింజలతోనే మొలుస్తయి. అడివి పోతే పిల్లి పోతది, పిల్లి పోతే బెల్లం, కప్పు రెండూ పోతయి.

లవంగం గురించి ఒక్క ముక్క: దేశంల పండే లవంగంల ఎక్కువ భాగం క్రెతెక్ అనే లవంగం కలిపిన సిగరెట్లకే పోతది. ధర ఆ కంపెనీల చేతుల ఉంటది. ధర పడ్డ ఏడు కూడ ఇంట్ల వడ్లుంటయి కాబట్టి వీళ్లు పస్తులుండరు. వడ్లు అమ్మకపోవుడు దండుగ పని అనుకునేటోళ్లకు ఇది చూపియ్యి.

పంచాయతీ_లెక్కలు:

అడవి అన్నారు కాబట్టి భూమి సంగతి కలుపుతున్నా. ప్రొఫైల్‌లో 'సమస్యలు' అనే భాగంలో దీన్ని ముందు పెట్టండి. ఆచారం ప్రకారం అడవి మూడు రకాలు. తితిపన్ పూర్వీకులు అప్పగించినది, ముట్టరు. తుతుపన్ మూసి ఉంచినది, పెద్దల అనుమతితో అవసరానికి తీసుకోవచ్చు. గరపన్ సాగుకు తెరిచినది. వాగు నీళ్లు, ఆ నీళ్లతో తిరిగే చిన్న జలవిద్యుత్ టర్బైన్లు, కింద మళ్లు, అన్నీ మొదటి రెండింటి మీదే ఆధారపడ్డాయి.

ప్రభుత్వ పటంలో మాత్రం ఇదంతా జాతీయ పార్కు. 1992లో హలిమున్ పార్కును 40,000 హెక్టార్లతో ప్రకటించారు, 2003లో సలక్ కొండను కలిపి 1,13,357 హెక్టార్లు చేశారు. అలా తాతల మళ్లు కూడా పార్కు గీత లోపలికి వెళ్లాయి. ఆచార అడవి ప్రభుత్వ అడవి కాదని ఇండోనేషియా రాజ్యాంగ న్యాయస్థానం 2013 మేలో తీర్పు ఇచ్చింది. కానీ తీర్పు ఉన్నంతమాత్రాన గీత జరగదు. ఒక్కో సమాజానికి విడిగా గుర్తింపు పత్రం కావాలి. మన పోడు రైతులకు 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పట్టా కోసం ఏళ్లు పట్టినట్టే. విస్తీర్ణం రాసేటప్పుడు ఆచార సమాజం చెప్పే హద్దు వేరు, దెసా విస్తీర్ణం వేరు, పార్కు వేరు. మూడింటినీ మూడు వరసల్లో రాయండి, కూడకండి.

ఇంకోటి, దయచేసి 'ఆధునికత తెలియని ఊరు' అని రాయకండి. వాళ్లకు కరెంటు ఉంది, సొంత టీవీ కేంద్రం ఉంది, బండ్లు ఉన్నాయి. నిషేధాలు వరి చుట్టూ, ఇంటి కప్పు చుట్టూ ఉన్నాయి. పెంకు మట్టిదనీ, మట్టి కింద ఉండేది చనిపోయినవాళ్లేననీ ఇంటికి పెంకు వేయరు. ఏది వద్దనుకున్నారో, ఎందుకు వద్దనుకున్నారో విడివిడిగా రాస్తేనే వాళ్లకు న్యాయం చేసినట్టు.

రాజేంద్రనగర్_పీజీ:

అలాగే రాస్తానండీ. చివరిగా ఒకటి. దశాబ్దాలకు సరిపడా వడ్లు నిలవ ఉన్నాయని కొన్నిచోట్ల ఉంది. రాయొచ్చా?

వరికంకి:

లెక్క వేసి చూపించగలిగితేనే రాయండి. ఐదుగురున్న ఇల్లు, మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం అనుకోండి. రోజుకు రెండు కిలోలు, ఏడాదికి 730 కిలోలు. వడ్లకు 65 శాతం బియ్యం వస్తుందనుకుంటే ఏడాదికి 1,120 కిలోల వడ్లు కావాలి. వెయ్యి కట్టలు పట్టే కొట్టు, కట్ట మూడు కిలోలైతే 3,000 కిలోలు. అంటే ఒక నిండు కొట్టు ఒక ఇంటికి రెండున్నర ఏళ్లకు కొంచెం పైన. ఒక ఇంటికి రెండు మూడు కొట్లుంటే ఐదు నుంచి ఎనిమిదేళ్ల దాకా పోతుంది. మధ్యలో పండుగలకు, అతిథులకు పోయేది వేరు. పెద్ద ఇల్లు ఇమహ్ గెదెకు వచ్చిన ప్రతి ఒక్కరికీ అన్నం పెడతారు, అదీ తక్కువేం కాదు.

సేరెన్ తఉన్ అనే ఏడాది పండుగలో సి జిమత్ అనే ఉమ్మడి కొట్టులో వడ్లు చేరుస్తారు. కొరత వచ్చిన ఇల్లు అందులోంచి అప్పు తీసుకుని పంటకు తిరిగి పెడుతుంది. దీన్ని విడిగా చూపించండి, ఇళ్ల నిలవలో కలిపితే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. కట్ట బరువు ఊరికీ ఊరికీ, పచ్చికీ ఎండుకీ మారుతుంది కాబట్టి మీ పట్టిక కింద 'కట్ట = ఎండు బరువు 3 కిలోలుగా తీసుకున్నాం' అని ఒక వాక్యం తప్పకుండా పెట్టండి. నాలుగు కిలోలుగా తీసుకుంటే నిలవ అంకెలన్నీ మూడో వంతు పెరుగుతాయి.